మూత ఉన్న బుట్ట

శుక్రవారం సాయంత్రం, సముద్రం మీద ఎండ ఇంకా చల్లారకముందే
నా రమ్ము కొట్టు అరుగు మీద డామినోలు మొదలవుతాయి.
బార్బడోస్‌లో బల్ల మీద ముక్క వెయ్యడమంటే
మేకు దిగ్గొట్టడమే.
ఆ చప్పుడుకి వీధి కుక్కలు కూడా లేవడం మానేశాయి.

ఈమధ్య ఆస్విన్ మెల్లగా వేస్తున్నాడు.
నలభై ఏళ్ళు వల లాగిన చెయ్యి
నిద్రపోయే పిల్లని పడుకోబెట్టినట్టు
దించుతోంది ముక్కని.
"ఏం, బల్లకి నొప్పెడుతుందా?" అన్నాడు డార్న్‌లీ.
అందరూ నవ్వారు. ఆస్విన్ నవ్వలేదు.
గట్టిగా నవ్వితే ఏమవుతుందో
ఆపరేషనయ్యాక అతనికే తెలుసు.
లేచి వెనక్కి వెళ్ళాడు.
తిరిగొచ్చేసరికి పాంటు జేబు ఉబ్బి ఉంది.

నేను ఆడదాన్ని.
ఆ ఉబ్బేమిటో పదమూడో ఏటి నుంచీ ఎరుగుదును.
చుట్టి, మళ్ళీ చుట్టి, కాగితంలో దాచి
పారేసే చోటు దొరికేదాకా
ఒంటి మీదే మోసే మూట.

మర్నాడు ఇనపసామాను కొట్టుకెళ్ళి
కాలితో నొక్కితే మూత లేచే బుట్ట కొన్నాను.
మగాళ్ళ మరుగుదొడ్డిలో, తలుపు వెనకాల పెట్టాను.
పైన ఏమీ రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.
ఆడవాళ్ళ వైపు ఎప్పుడూ ఉండేదే.
ఇటువైపూ ఒకటి కావాలని
ఇరవై ఆరేళ్ళలో నాకెందుకు తోచలేదో.
మా ఆయన నడుం నొప్పి, నడుం నొప్పి అంటూనే
ఎవరికీ చూపించుకోకుండా పోయాడు.

వారం తిరిగాక ఖాళీ చెయ్యబోతే
అందులో ఉన్నవి ఒక్కడివి కావు.
రెండోవాడెవరో నేను వెతకలేదు.
వానకి ఆట ఆగిన రోజున వాళ్ళే చెప్పుకున్నారు.

"కోత లేదు, కుట్టు లేదు, గట్టెక్కాననుకున్నా,"
అన్నాడు సెల్విన్, బస్సు తోలేవాడు.
"ముప్పై ఏడు రోజులు కరెంటు పెట్టించుకున్నా.
రెండేళ్ళకి పేగు తిరగబడింది.
ఈ రోడ్డు మీద ఏ ఇంటివాళ్ళు అడగ్గానే
లోపలికి రానిస్తారో నన్నడుగు.
బస్సులో జనం సముద్రం చూస్తారు,
నేను తలుపులు చూస్తాను."

ఎగ్బర్ట్‌కి మూడు నెలలకో సూది.
చర్చిలో పాట మధ్యలో ఒళ్ళంతా పొయ్యి రాజుకుంటుందట.
"మా ఆవిడ విసనకర్ర చేతికిచ్చి
'ఇప్పుడు తెలిసిందా' అంది.
ఆమె ఒళ్ళు కాగిన రోజుల్లో నేను నవ్వాను మరి."
కాసేపాగి, గ్లాసులోకి చూస్తూ
"కోరిక పోయింది. పోయిందన్న బాధా లేదు.
ఆ బాధ లేకపోవడమే..."
మిగతాది వాన మింగేసింది.

ఆస్విన్ చూరు నీళ్ళకేసే చూస్తున్నాడు.
"మేం చేతులు పట్టుకుని పడుకుంటున్నాం.
మొదట్లో ఏడుపొచ్చేది."
"ఇప్పుడు?"
"ఇప్పుడూ వస్తుంది. కాకపోతే చెయ్యి వదలను."

అప్పుడడిగాడు డార్న్‌లీ,
ఎవరి ముఖమూ చూడకుండా:
"ఏది నయం?"

అతనికింకా ఏదీ చెయ్యలేదు. చూద్దాం అన్నారు డాక్టర్లు.
ఆర్నెల్లకోసారి నెత్తురిచ్చి
ఒక అంకె తెచ్చుకుంటాడు.
పోయినసారి నాలుగు. ఈసారి ఆరు.
దాన్ని జేబులో పెట్టుకునే
ఇన్నాళ్ళూ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ముగ్గురిలో ఎవరూ పలకలేదు.
ఎగ్బర్ట్ ముక్కలన్నీ బోర్లించి కలపసాగాడు.
"బతికున్నాంగా," అన్నాడు సెల్విన్.
అది జవాబు కాదని వాడికీ తెలుసు.
నేను గ్లాసులు నింపాను. డబ్బులు రాసుకోలేదు.

వాన వెలిసింది. డార్న్‌లీ లేచి వెనక్కి వెళ్ళాడు.
గోడ ఇవతల గిన్నెలు కడుగుతున్నా, వినిపించింది:
కాలు నొక్కిన చప్పుడు,
మూత లేచిన చప్పుడు.
పడెయ్యడానికి వాడి దగ్గర ఏమీ లేదు.
మూత పడేసరికి
నేను మూడు పళ్ళేలు కడిగాను.